నేరపు సొమ్ము ఏ పద్దుకు చేరాలి?

గంజాయి, ఇతర మత్తుపదార్థాల వ్యాపారంలో పట్టుబడినవారి ఇళ్లను, స్థలాలను, వాహనాలను, బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసినట్లు రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఇటీవలి కాలంలో తరచుగా ప్రకటిస్తున్నారు. తెలంగాణలో 2023లో మాదకద్రవ్యాల నిరోధానికి ప్రత్యేక బ్యూరో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివరలో ‘ఈగల్’ పేరుతో అటువంటి విభాగమే వచ్చింది. మరుసటి ఏడాది తెలంగాణ విభాగం కూడా అదే పేరు తీసుకుంది. ఈ ప్రకటనలు వెలువడినప్పుడల్లా ఒక ఆలోచన వినవస్తోంది. నేరగాళ్ల నుంచి లాక్కున్న సొమ్మును ఆ ప్రాంతపు పోలీసు స్టేషన్లకే ఇచ్చివేస్తే వాహనాలు వస్తాయి, కెమెరాలు వస్తాయి, గస్తీ పెరుగుతుంది, ప్రజలపై పన్ను భారం పడదు కదా అన్నదే ఆ ఆలోచన.

పైకి చూస్తే ఇది న్యాయంగానే కనిపిస్తుంది. దొంగ సొమ్ముతో దొంగను పట్టుకోవడంలో తప్పేముందని ఎవరైనా అడుగుతారు. అయినా మేము ఈ ఆలోచనను అంగీకరించలేకపోతున్నాము.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. మత్తు వ్యాపారుల పట్ల మాకు ఎటువంటి జాలీ లేదు. గంజాయి పొట్లాలు, వైట్‌నర్ సీసాలు మన బస్తీల పిల్లలను ఏ స్థితికి తెచ్చాయో పాఠకులకు మేము వివరించనక్కరలేదు. పదహారేళ్ల కొడుకు ఇంట్లో వస్తువులు అమ్ముకుంటుంటే ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతున్న తల్లులు మన మొహల్లాలలో ఉన్నారు. పోలీసులు రావాలని, అమ్మేవాడిని పట్టుకోవాలని అందరికంటె ఎక్కువగా కోరుకునేది ఆ తల్లులే. హరామ్ సంపాదనతో కట్టిన మేడ వాడికి దక్కరాదనడంలో రెండో అభిప్రాయం లేదు. ప్రశ్న అంతా ఆ మేడ ఎవరికి చేరాలి, ఏ పద్ధతిలో చేరాలి అన్నదే.

చట్టం ప్రస్తుతం ఏమి చెబుతున్నదో తెలుసుకోవడం అవసరం. ఆస్తిని స్వాధీనం చేసుకోవడం వేరు, తాత్కాలికంగా జప్తు చేయడం వేరు, శాశ్వతంగా సర్కారుపరం చేయడం వేరు. పత్రికలలో ఈ మూడూ ఒకే మాటగా కనిపిస్తాయి. మొదటి రెండింటిలో ఆస్తి ఇంకా యజమానిదే. దానిని అమ్ముకోకుండా, దాచుకోకుండా ఆపుతారు. మూడవదానిలో మాత్రమే యాజమాన్యం మారుతుంది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఐదవ (ఎ) అధ్యాయం ప్రకారం దర్యాప్తు అధికారి ఆస్తిని స్తంభింపజేయవచ్చును. ఆ ఉత్తర్వును 30 రోజులలోగా సమర్థాధికారి ధ్రువీకరించకపోతే అది చెల్లదు. ఈ అధ్యాయం నిందితునితో ఆగదు. అతని బంధువులకు, సహచరులకు కూడా వర్తిస్తుంది. ఆస్తి అక్రమార్జన కాదని రుజువు చేసుకోవలసిన భారం ఆస్తి గలవారిపైనే ఉంటుంది. 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 180 రోజుల వరకు తాత్కాలిక జప్తు చేయవచ్చును. ఈ చట్టంలోని కఠిన నిబంధనలను 2022 జులై 27న విజయ్ మదన్‌లాల్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే మూల నేరంలో నిర్దోషిగా తేలినవారిపై మనీ లాండరింగ్ అభియోగం నిలవదని అదే తీర్పులో చెప్పింది.

వీటికి తోడు 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. దానిలోని 107వ సెక్షన్ మన పాఠకులు తప్పక గుర్తుంచుకోవలసినది. పూర్వం పెద్ద నేరాలకు, ప్రత్యేక చట్టాలకు పరిమితమైన జప్తు అధికారం దీనితో సాధారణ కేసులకు కూడా విస్తరించింది. దర్యాప్తు అధికారి ఎస్పీ లేదా కమిషనర్ అనుమతితో కోర్టును ఆశ్రయించవచ్చును. కోర్టు 14 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. నోటీసు ఇస్తే ఆస్తి చేజారుతుందనుకుంటే ముందుగానే మధ్యంతర జప్తుకు ఆదేశించవచ్చును. ఆ ఆస్తి నేరపు రాబడి అని కోర్టు తేల్చితే, దానిని బాధితులకు వారి వారి నష్టాన్ని బట్టి పంచవలసిందిగా జిల్లా మేజిస్ట్రేటును ఆదేశిస్తుంది. 60 రోజులలో ఆ పంపకం జరగాలి. బాధితులెవరూ లేకపోయినా, పంచగా మిగిలినా, ఆ మిగులు ప్రభుత్వపరం అవుతుంది. ఈ సెక్షన్ ప్రయోగించడానికి నేరం రుజువై శిక్ష పడాలన్న షరతు లేదు.

ఈ చివరి వాక్యాన్ని పాఠకులు మరొకసారి చదవాలని కోరుతున్నాము. శిక్ష పడకముందే ఆస్తి పోయే వీలు చట్టంలో ఉంది. అయితే ఇదే సెక్షన్ బాధితుడిని వరుసలో మొదట నిలబెట్టింది, పోలీసు శాఖకు వాటా ఇవ్వలేదు. కఠినమైన ఈ చట్టంలో ఉన్న మంచి అదొక్కటి. ఇప్పుడు వినవస్తున్న ఆలోచన ఆ మంచినే తీసివేయమంటోంది.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన ఎవరినడిగినా ఒక నియమం చెబుతారు. కార్యాలయంలో వసూలైన సొమ్మును ఆ కార్యాలయపు ఖర్చుకు నేరుగా వాడరాదు. చలానా కట్టి ఖజానాకు జమచేయాలి. ఖర్చుకు కావలసినది బడ్జెటు పద్దు కింద వేరుగా మంజూరు కావాలి. ఇది గుమాస్తాల చాదస్తం కాదు. రాజ్యాంగం 266వ అధికరణం ప్రభుత్వ రాబడి అంతా సంచిత నిధికి చేరాలన్నది. శాసనసభ ఆమోదం లేకుండా అందులోంచి రూపాయి కూడా తీయడానికి వీల్లేదన్నది. వసూలు చేసే చేయి, ఖర్చుపెట్టే చేయి ఒకటే అయితే లెక్క అడిగేవాడుండడు. పోలీసు స్టేషన్‌కు కావలసిన జీపును ఎమ్మెల్యేలు సభలో చర్చించి మంజూరు చేస్తే ఆ స్టేషన్ ప్రజలకు జవాబుదారీ అవుతుంది. జప్తు చేసిన కారును అమ్మి జీపు కొనుక్కుంటే ఆ స్టేషన్ తనకు తానే జవాబుదారీ.

ఇస్లామీయ సంప్రదాయంలో ఈ నియమానికి ప్రాచీనమైన ఆధారం ఉంది. దైవప్రవక్త (స) జకాత్ వసూలుకు ఒక వ్యక్తిని పంపగా, అతడు తిరిగివచ్చి కొంత సొమ్ము చూపి ఇది మీది, మరికొంత చూపి ఇది నాకు కానుకగా ఇచ్చారు అన్నాడు. అందుకు దైవప్రవక్త (స) మింబరుపై నిలబడి తీవ్రంగా మందలించారని, ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుకలు అతడికి వచ్చేవా అన్న భావంతో ప్రశ్నించారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అధికారం వల్ల చేతికి వచ్చిన సొమ్ము అధికారిది కాదు, బైతుల్‌మాల్‌ది. అది అమానత్. ఈ ధర్మం ముస్లిములకు మాత్రమే చెందినది కాదు. మన ఖజానా నియమావళి చెప్పేదీ అదే.

ఇక అనుభవం ఏమి చెబుతున్నదో చూద్దాము. ఈ పద్ధతిని అమెరికా నాలుగు దశాబ్దాలుగా అమలు చేస్తోంది. 1984లో వచ్చిన చట్టం జప్తు సొమ్ముకు ప్రత్యేక నిధిని ఏర్పరచింది. కేంద్ర సంస్థలతో కలిసి పనిచేసిన స్థానిక పోలీసులకు 80 శాతం వరకు వాటా ఇచ్చే ఏర్పాటు దానితో మొదలైంది. అక్కడి సివిల్ జప్తు పద్ధతిలో కేసు మనిషిపై కాక ఆస్తిపై నడుస్తుంది. మనిషికి శిక్ష పడనవసరం లేదు. ఫలితం ఊహించదగినదే. రహదారిపై కారు ఆపడం, డబ్బు కనిపిస్తే అనుమానాస్పదమని లాక్కోవడం కొన్ని ప్రాంతాలలో పోలీసులకు రాబడి మార్గమైంది. పోగొట్టుకున్నది కొద్దిపాటి సొమ్మయితే లాయరు ఫీజు అంతకు మించుతుంది కాబట్టి పేదలు దానిని వదులుకున్నారు.

ఇండియానా రాష్ట్రంలో టైసన్ టింబ్స్ అనే వ్యక్తి కొద్దిపాటి హెరాయిన్ అమ్మి పట్టుబడ్డాడు. నేరం ఒప్పుకున్నాడు. ఆ నేరానికి గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లు. అధికారులు పట్టుకుపోయిన అతని కారు విలువ దాదాపు 42,000 డాలర్లు. ఆ కారును అతడు తండ్రి మరణానంతరం వచ్చిన బీమా సొమ్ముతో కొన్నాడు, మత్తు వ్యాపారంతో కాదు. 2019 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, మితిమీరిన జరిమానాలపై రాజ్యాంగ నిషేధం రాష్ట్రాలకు కూడా వర్తిస్తుందని తీర్పు చెప్పింది. న్యూమెక్సికో రాష్ట్రం అంతకుముందే, 2015లో, సివిల్ జప్తును రద్దుచేసింది. నేరం రుజువయ్యాకనే జప్తు అన్నది, వచ్చిన సొమ్ము రాష్ట్ర సాధారణ నిధికే చేరాలన్నది. పోలీసుల వాటా తీసివేయడమే మందు అని ఆ రాష్ట్రం గ్రహించింది. అమెరికా వదిలించుకోవాలని చూస్తున్న జబ్బును మనం కోరి తెచ్చుకోవడం ఎందుకు?

బ్రిటన్‌లో 2002 చట్టం కింద వసూలైన సొమ్ములో దాదాపు సగం దర్యాప్తు, ప్రాసిక్యూషన్ సంస్థలకు ప్రోత్సాహకంగా తిరిగి వెళుతుంది. అదే దేశంలో భాగమైన స్కాట్లండ్ మరో దారి పట్టింది. 2008 నుంచి అక్కడ నేరగాళ్ల నుంచి రాబట్టిన సొమ్మును ‘క్యాష్‌బ్యాక్ ఫర్ కమ్యూనిటీస్’ పేరిట వెనుకబడిన ప్రాంతాల పిల్లల ఆటలకు, చదువుకు, ఉపాధి శిక్షణకు వెచ్చిస్తున్నారు. ఇటలీలో 1996లో వచ్చిన 109వ నంబరు చట్టం మాఫియా నుంచి స్వాధీనమైన ఇళ్లను, పొలాలను సహకార సంఘాలకు, సామాజిక సంస్థలకు ఉపయోగానికి ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ చట్టం కోసం పౌరులు పది లక్షల సంతకాలు సేకరించారు. నేరం ఏ వాడను పాడుచేసిందో ఆ వాడకే సొమ్ము తిరిగి చేరాలన్న న్యాయం ఈ రెండింటిలోనూ ఉంది. మాకు నచ్చిన మార్గం ఇదే.

మన దేశంలో ఈ దిశగా ఒక ద్వారం తెరిచే ఉంది. మాదకద్రవ్యాల చట్టం 7(ఎ) సెక్షన్ కింద మత్తుపదార్థాల దుర్వినియోగ నియంత్రణకు జాతీయ నిధి ఏర్పాటైంది. ఆ చట్టం కింద సర్కారుపరమైన ఆస్తులను అమ్మగా వచ్చిన సొమ్ము ఈ నిధికి చేరాలి. అక్రమ రవాణాను అరికట్టడంతో పాటు, అలవాటుపడినవారిని గుర్తించడం, చికిత్స చేయించడం, తిరిగి నిలబెట్టడం, ప్రజలకు తెలియజెప్పడం కూడా దాని ఉద్దేశాలని చట్టమే చెబుతోంది. అంటే పోలీసు పనికి, వైద్యానికి చట్టం ఒకే చోట స్థానం కల్పించింది. ఆచరణలో వైద్యం మాట ఎవరూ ఎత్తడం లేదు. మన పట్టణాలలో ఒక పేద కుటుంబం కొడుకును మత్తు మాన్పించడానికి ఎక్కడికి తీసుకుపోవాలి? ప్రైవేటు కేంద్రాల ఖర్చు ఎంతమంది భరించగలరు? జప్తు సొమ్ముతో ఏదైనా కట్టాలంటే ముందుగా కట్టవలసినది ఉచిత చికిత్సా కేంద్రమని మా నిశ్చితాభిప్రాయం.

ఈ విషయంలో ముస్లిములకు ప్రత్యేకమైన ఆందోళన ఎందుకని కొందరు అడగవచ్చును. కారణాలున్నాయి. దేశంలోని ఖైదీలలో దాదాపు మూడు వంతులు విచారణ ఖైదీలేనని, అంటే నేరం ఇంకా రుజువు కానివారేనని జాతీయ నేర గణాంక సంస్థ 2022 లెక్క చెబుతోంది. 2011 జనాభా లెక్కలలో ముస్లిముల వాటా 14.2 శాతం; జైళ్లలో వారి వాటా అంతకంటె ఎక్కువ. మరోవైపు పోలీసు కానిస్టేబుళ్లలో ముస్లిములు 6 శాతమేనని 2006లో సచార్ కమిటీ నివేదిక తెలిపింది. పట్టుబడేవారిలో ఎక్కువగా, పట్టుకునేవారిలో తక్కువగా ఉన్న సమాజానికి, పట్టుకోవడం వల్ల రాబడి వచ్చే ఏర్పాటు ఎంతమాత్రం క్షేమం కాదు. దళితులకు, ఆదివాసులకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు మన్యంలో గంజాయి మూట మోసినందుకు జైలుకు పోయే గిరిజన యువకుడికి, ఆ మూటపై కోట్లు గడించిన వ్యాపారికి మధ్య ఎంత దూరమో అందరికీ తెలుసు. రాబడి కోసం చేసే జప్తు ఎప్పుడూ సులభంగా దొరికేవాడి గడపకే వస్తుంది.

పైగా ఆస్తిని శిక్షగా వాడుకోవడం మనం ఉత్తరాదిలో చూశాము. పౌరసత్వ చట్ట సవరణకు వ్యతిరేకంగా నిరసన తెలిపినవారికి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 274 నష్టపరిహారపు నోటీసులను, సుప్రీంకోర్టు మందలింపు తరువాత, 2022 ఫిబ్రవరిలో ఉపసంహరించుకోవలసి వచ్చింది. వసూలు చేసినది తిరిగి ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2024 నవంబరు 13న బుల్‌డోజర్ కూల్చివేతలపై ఇచ్చిన తీర్పులో, అధికారులు తామే న్యాయమూర్తులై ఎవరినీ దోషిగా నిర్ణయించరాదని, ఒకరిపై ఆరోపణ ఉన్నంతమాత్రాన ఆ ఇంట్లోని వారందరినీ శిక్షించరాదని అదే కోర్టు స్పష్టం చేసింది. జప్తుకు కూడా ఈ కొలమానమే వర్తించాలని మేము కోరుతున్నాము. రాజ్యాంగం 300(ఎ) అధికరణం చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదంటోంది.

బాధితుల సంగతి మరచిపోరాదు. అగ్రిగోల్డ్ పతనంతో రెండు రాష్ట్రాలలో లక్షలాది చిన్న డిపాజిటుదారులు ఏళ్ల తరబడి రోడ్డున పడ్డారు. హీరా గ్రూపు వ్యవహారంలో వడ్డీ లేని, హలాల్ పెట్టుబడి అన్న నమ్మకంతో సొమ్ము పెట్టినవారిలో ముస్లిం మహిళలు, విశ్రాంత ఉద్యోగులు, గల్ఫ్ కార్మికుల కుటుంబాలు ఎందరో ఉన్నారు. ఈ కేసులలో జప్తయిన ఆస్తి ఆ కుటుంబాల కష్టార్జితం. నిందితుల నేరం కోర్టులు తేలుస్తాయి. అంతవరకు ఆ ఆస్తిలో పోలీసు శాఖకు వాటా అన్న మాటే ఎత్తరాదు. బాధితుడికి పూర్తిగా చెల్లించక ముందే ఇతరులు చేయిచాపితే అది రెండవ దోపిడీ అవుతుంది.

పోలీసులకు నిధులు అక్కరలేదని మేము అనడం లేదు. ఫిర్యాదు రాయడానికి కాగితాలు తెచ్చుకోమనే స్టేషన్లు, జీపుకు డీజిలు లేదని చెప్పే స్టేషన్లు ఉన్నాయని ప్రజలకు తెలుసు. సెలవు లేకుండా పనిచేసే కానిస్టేబులు కష్టం కూడా తెలుసు. ఆ లోటును బడ్జెటు తీర్చాలి. ఎక్కువ జప్తులు జరిగిన ఏడాది డీజిలు, తక్కువ జరిగిన ఏడాది కాలినడక అన్న పద్ధతిలో ఏ స్టేషన్ కూడా నడవదు. నేరం తగ్గితే తన రాబడి తగ్గుతుందనే స్థితిలో ఏ శాఖనూ నిలబెట్టరాదు. కస్టమ్స్, మాదకద్రవ్యాల కేసులలో సమాచారం ఇచ్చినవారికీ, పట్టుకున్న అధికారులకూ బహుమతులిచ్చే ఏర్పాటు ఇప్పటికే ఉంది. దానికి మించి శాఖకు శాఖనే వాటాదారుగా చేయవలసిన అవసరం లేదు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించిన పోలీసు సంస్కరణలు, ముఖ్యంగా శాంతిభద్రతల విధుల నుంచి దర్యాప్తును వేరుచేయడం, పోలీసులపై ఫిర్యాదులకు స్వతంత్ర సంస్థలు, సంపూర్ణంగా అమలైతే స్టేషన్ బలం దానంతట అదే పెరుగుతుంది.

కాబట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేది ఇది. శిక్ష ఖరారయ్యేదాకా ఏ ఆస్తినీ అమ్మి ఖర్చుపెట్టరాదు. పాడైపోయే వస్తువులను అమ్మవలసివస్తే ఆ సొమ్ము కోర్టు ఖాతాలో ఉండాలి. బాధితులకు మొదటి హక్కు ఉండాలి. మిగిలినది ఖజానాకు చేరి, శాసనసభ ఆమోదంతో, నేరం వల్ల నష్టపోయిన ప్రాంతాలలో మత్తు విముక్తి కేంద్రాలకు, గ్రంథాలయాలకు, ఆటస్థలాలకు, వృత్తి శిక్షణకు వినియోగం కావాలి. ఎన్ని ఆస్తులు స్తంభింపజేశారు, ఎన్ని విడుదల చేశారు, ఎన్ని వేలం వేశారు, ఎంత జమ అయింది అన్న వివరాలు ఏటా జిల్లాలవారీగా ప్రకటించాలి.

ప్రభుత్వాలు కదిలేలోగా మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో సోదా జరిగి ఏ వస్తువు తీసుకున్నా పంచనామా నకలు అడిగి తీసుకోవాలి. 107 సెక్షన్ నోటీసు వస్తే 14 రోజుల గడువు దాటనివ్వరాదు. భర్తపై కేసు ఉన్నంతమాత్రాన భార్య మహర్ బంగారం, ఆమె పుట్టింటివారిచ్చిన స్థలం నేరపు రాబడి కావు. అయితే అలాగని చూపించే కాగితం ఉండాలి. నికాహ్‌నామాలో మహర్‌ను వివరంగా రాయించండి. నగల రసీదులు, రిజిస్ట్రేషను పత్రాలు, బ్యాంకు పుస్తకాలు భద్రపరచండి. ఆటో, వ్యాను జప్తు అయితే స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టేదాకా ఎదురుచూడవద్దు. స్వాధీనమైన వాహనాలను స్టేషన్లలో ఎక్కువకాలం ఉంచరాదని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మత్తుపదార్థాల కేసులలో కూడా యజమానికి తెలియకుండా నేరం జరిగినప్పుడు వాహనాన్ని మధ్యంతరంగా విడుదల చేయవచ్చునని 2025 జనవరిలో బిశ్వజిత్ దే కేసులో తీర్పునిచ్చింది. లాయరును పెట్టుకునే శక్తి లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. మహిళలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

కార్యకర్తలకు మా విన్నపం వేరు. ప్రతి జిల్లాలోనూ సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు వేయండి. గడచిన మూడేళ్లలో ఎన్ని ఆస్తులు సర్కారుపరమయ్యాయి, ఆ సొమ్ము ఏ పద్దుకు జమ అయింది, అందులో చికిత్సకు ఎంత వెచ్చించారు అన్న మూడు ప్రశ్నలు చాలు. వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడా మాకు పంపండి. జిల్లాలవారీగా వాటిని ఈ పత్రికలో ప్రచురిస్తాము. సొమ్ము లెక్క తేలినప్పుడే, మన బస్తీలో మత్తు మాన్పించే ఆసుపత్రి ఎందుకు లేదో అధికారులను సూటిగా అడగగలుగుతాము.